విశాఖ పల్లెల్లో ఇంటి దొంగతనాలు, ఊరి గస్తీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆనందపురం, పద్మనాభం, భీమిలి, పెందుర్తి మండలాల ఊళ్లలోనూ, పక్కనున్న అనకాపల్లి జిల్లా ఊళ్లలోనూ ఎక్కడ దొంగతనం జరిగినా మర్నాడు రచ్చబండ దగ్గర ఇవే ప్రశ్నలు వస్తాయి. అందుకే ఒకచోట పెట్టాం. దేనికది విడి జవాబు, మీకు కావలసిన చోట మొదలుపెట్టండి.

## ఇల్లు గట్టి చేసుకోవడం

తాళం ఖరీదైనదే వేశాం. అయినా ఎలా తీశారు?

తాళం జోలికి ఎవరూ పోరు. దొంగ చూసేది తాళం వేలాడే ఆల్‌డ్రాప్‌ని. మీ తలుపు దగ్గరికెళ్లి ఒకసారి చూడండి: నాలుగు స్క్రూలుంటాయి, ఒక్కోటి ముప్పావు అంగుళం. నాలుగు వానాకాలాలు దాటితే స్క్రూ చుట్టూ చెక్క నల్లబడి మెత్తబడిపోతుంది. పలుగు మొన దూర్చి ఒక్క నొక్కు నొక్కితే, తాళం వేసింది వేసినట్టే ఉండి పట్టీతో సహా ఊడి చేతికొస్తుంది. చప్పుడు కూడా పెద్దగా రాదు.

ఆ స్క్రూలు పీకించి, తలుపు మందం మొత్తం దాటి అవతలికి వచ్చే 8 ఎంఎం బోల్టులు వేయించండి. గుండ్రటి తల బయటికి, వాషరూ నట్టూ లోపలికి ఉండాలి. తలుపు మూసి ఉంటే ఆ నట్టు బయటివాడికి అందదు. ద్వారబంధం వైపు పట్టీకి రెండున్నర నుంచి మూడు అంగుళాల స్క్రూలు పడాలి. ద్వారబంధానికీ గోడకీ మధ్య సందు కనిపిస్తే సిమెంటుతో పూడ్పించండి, లేకపోతే పలుగుకి ఆ సందే దారి. వడ్రంగికి ఇదంతా ఒక పూట పని.

ముందు గుమ్మానికి తలుపులోనే ఇమిడిపోయే తాళం ఇంకా మంచిది. అది వేసి ఉందో లేదో రోడ్డు మీద పోయేవాడికి తెలియదు. బయట వేలాడే తాళం ఇంట్లో ఎవరూ లేరని చెప్పేస్తుంది.

వీధి తలుపు టేకుది, గట్టిగానే ఉంది. ఇంకెక్కడ చూసుకోవాలి?

పెరట్లో. చాలా ఇళ్లలో వీధి తలుపుకి పెట్టిన ఖర్చులో పదో వంతు కూడా దొడ్డి గుమ్మానికి పెట్టరు. పలచటి తలుపు, ఒకే గడియ, దాని ముందు చీకటి. పైనా కిందా రెండు గడియలు, మధ్యలో గోడ నుంచి గోడకి అడ్డంగా పడే ఇనప పట్టా పెట్టించండి. కిటికీ గ్రిల్లు బయటివైపు నుంచి స్క్రూలతో బిగించి ఉంటే స్క్రూ తలల మీద వెల్డింగు చుక్క పెట్టించండి. పాతకాలపు కిటికీల్లో నిలువు ఊచలే ఉంటాయి. వాటికి రెండుచోట్ల అడ్డపట్టీ వేస్తే ఊచ వంచడం కష్టం.

పశువుల శాలలో గోడకి చేరేసిన నిచ్చెన, గడ్డపార, గొడ్డలి కూడా చూసుకోండి. దొంగ ఇంటి నుంచి సరంజామా మోసుకురాడు, మీవే వాడతాడు. నిచ్చెనకి గొలుసు వేసి తాళం పెట్టండి, గడ్డపార ఇంట్లో పెట్టండి.

వేసవిలో అందరం డాబా మీద పడుకుంటాం. కింద తాళం వేస్తే చాలదా?

చాలదు. ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువగా జరిగేది ఇలాంటి దొంగతనమే. ఫ్యాను పెట్టుకుని, ఉక్కపోతకి ఆలస్యంగా నిద్రపట్టి, తెల్లవారుజామున చల్లగాలికి ఒళ్లు తెలియకుండా పడుకుంటారు. కింద తలుపు ఊడదీసిన చప్పుడు డాబా మీదికి వినిపించదు. పైగా మెట్ల తలుపుకి కింద నుంచి గొళ్లెం పెట్టేస్తే మీరు పైనే ఇరుక్కుపోతారు.

ఒకరైనా కింద వరండాలో పడుకోవాలి. అది కుదరకపోతే మెట్ల తలుపు గొళ్లెం పైవైపు నుంచి మాత్రమే పడేలా మార్పించండి. కింద వరండాలోనూ పెరట్లోనూ లైట్లు వెలిగే ఉండాలి. బీరువా తాళాలూ ఫోన్లూ మీతో పైకి తీసుకెళ్లండి. మెడలో నగలతో ఆరుబయట పడుకోవద్దు.

కుక్క ఉంది కదా?

ఉంటే మంచిదే, కానీ అరుపు విని లేచేవాళ్లు ఉండాలి. రెండు మూడు రాత్రులు ముందే వచ్చి తిండి వేసి మచ్చిక చేసుకునేవాళ్లూ ఉన్నారు, విషం పెట్టేవాళ్లూ ఉన్నారు. రోజూ అరిచే కుక్క ఉన్నట్టుండి అరవడం మానేసినా, నురగ కక్కి పడిపోయినా, ఆ రాత్రి చుట్టుపక్కలవాళ్లకి చెప్పి మెలకువగా ఉండండి.

పెరటి కంచెకి కరెంటు పెట్టొచ్చా?

పెట్టకూడదు. అడవిపందుల కోసమని పెట్టిన తీగకి తగులుకుని మనుషులూ పశువులూ చనిపోయిన సంఘటనలు మన వైపు కొత్తేం కాదు. దొంగ చనిపోయినా, పక్కింటి పిల్లాడు చనిపోయినా కేసు మీ మీదే. గోడ మీద గాజుపెంకులు, ముళ్లతీగ, గోడ వారగా కలబంద పొద, ఏదైనా పెట్టుకోండి. కరెంటు మాత్రం వద్దు.

బంగారం ఇంట్లో ఎక్కడ దాచాలి?

బియ్యం డబ్బా, దేవుడి మూల, పరుపు కింద, అటక మీద ట్రంకు పెట్టె... ఈ నాలుగూ దొంగకి మీకన్నా బాగా తెలుసు. రోజూ పెట్టుకునేవి తప్ప మిగిలినవి బ్యాంకు లాకర్లో ఉంచడమే మేలు. ఇంట్లో ఉంచక తప్పకపోతే బీరువాని లోపలి నుంచి గోడకి బోల్టులతో బిగించండి. తాళంచెవి మాత్రం బీరువా మీద పెట్టొద్దు.

ఇంతకన్నా ముఖ్యమైన పని ఇంకోటుంది. ఒక్కో నగనీ తెల్లగుడ్డ మీద పెట్టి ముందూ వెనకా ఫోటో తీసి, గ్రాముల బరువు రాసి, బిల్లు ఫోటోతో కలిపి ఇంకో ఊళ్లో ఉన్న కొడుకుకో కూతురికో పంపి ఉంచండి. 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న హాల్‌మార్క్ నగ మీద అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, అదీ రాయండి. పోలీసులు పది గొలుసులు స్వాధీనం చేసుకున్నప్పుడు అందులో మీదేదో తేల్చేది ఆ కాగితమే.

## ఊరు వెళ్లేటప్పుడు

సంక్రాంతికి నాలుగు రోజులు వెళ్తున్నాం. పోలీసులకి చెప్పాలా?

చెప్పండి, రెండు మూడు రోజుల ముందే. తాళం వేసిన ఇళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) అనే ఏర్పాటు తెచ్చారు. యాప్‌లో పేరు నమోదు చేసుకుని, వెళ్లే తేదీలు పెట్టి నిఘా కోరితే, సిబ్బంది వచ్చి ఇంట్లో కెమెరా అమర్చుతారు. లోపల కదలిక ఉంటే కంట్రోల్ రూముకి హెచ్చరిక వెళ్తుంది. డబ్బు తీసుకోరు. పండగ రోజుల్లో కెమెరాలు దొరకడం కష్టం. దొరక్కపోయినా చిరునామా, తేదీలు, మీ ఫోన్ నంబరు, పక్కింటివాళ్ల నంబరు కాగితం మీద రాసి స్టేషన్‌లో ఇచ్చి, మీ బీట్ కానిస్టేబుల్‌కి తెలియజేయమని అడగండి. రాత్రి గస్తీలో మీ వీధి మీదుగా ఒక చుట్టు ఎక్కువ తిరిగినా లాభమే.

పోలీసులకన్నా ముందు చెప్పాల్సింది ఎదురింటావిడకి. ధనుర్మాసంలో వీధంతా ముగ్గులుండి మీ ఒక్క వాకిలి బోసిగా ఉందంటే ఇక వేరే చెప్పక్కర్లేదు. రోజూ కాస్త కళ్లాపి చల్లి నాలుగు గీతలు గీయమని అడగండి. పాలవాడిని, పేపరువాడిని ఆపండి. లైటు పగలూ రాత్రీ వెలుగుతూ ఉండటం కూడా ఆనవాలే, కాబట్టి సాయంత్రం ఆరుకి వెలిగి పదకొండుకి ఆరే టైమర్ ప్లగ్గు పెట్టుకోండి.

గిరి ప్రదక్షిణకి ఇంటిల్లిపాదీ వెళ్తాం. ఒక్క రాత్రికేగా?

ఆ ఒక్క రాత్రే చాలు. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు మధ్యాహ్నం బయల్దేరినవాళ్లు మర్నాటి దాకా తిరిగి రారని అందరికీ తెలుసు. అనకాపల్లి నూకాలమ్మ జాతరకీ, విజయనగరం పైడితల్లమ్మ సిరిమానుకీ ఊళ్లకి ఊళ్లే కదులుతాయి. వీధికి రెండిళ్లవాళ్లు ఉండిపోయేలా వంతులేసుకోండి, ఈ ఏడు మీరు, వచ్చే ఏడు వాళ్లు. వెళ్లేవాళ్లు గొలుసులు ఇంట్లోనూ వదలొద్దు, మెడలోనూ వేసుకోవద్దు. లాకరు లేకపోతే ఊరు కదలని బంధువుల దగ్గర పెట్టి వెళ్లండి.

వాట్సాప్ స్టేటస్ పెడితే తప్పేముంది, మనవాళ్లే కదా చూసేది?

మీ ఫోన్లో నంబర్లున్న గ్యాసు కుర్రాడు, రెండేళ్ల క్రితం రంగులేసిన మేస్త్రీ కూడా చూస్తారు. వాళ్లు మంచివాళ్లే కావచ్చు, కానీ కబురు వాళ్ల దగ్గర ఆగదు. ఫోటోలు తిరిగొచ్చాక పెట్టండి.

## గుమ్మం దాకా వచ్చేవాళ్లు

నగలకి మెరుగు పెడతామని వచ్చారు. కళ్ల ముందే కడిగారు, మరి బరువెలా తగ్గింది?

వాళ్లు వాడేది బంగారాన్ని కరిగించే ఆమ్లాల మిశ్రమం. నగని అందులో ముంచినంతసేపూ పై పొర కరిగి ఆ నీళ్లలో దిగుతుంది. తర్వాత పసుపు నీళ్లలో వేసి, గుడ్డలో చుట్టి, అరగంట దాకా విప్పొద్దంటారు. ఆ అరగంట వాళ్లు ఊరు దాటడానికి. ముందు ఇత్తడి చెంబు, వెండి పట్టీలు తళతళలాడించి నమ్మకం కుదిరాకే గొలుసు అడుగుతారు. ఎక్కువగా మగవాళ్లు పొలానికెళ్లే పదకొండు, పన్నెండు గంటలప్పుడు వస్తారు. మెరుగు పెట్టించాలంటే తెలిసిన కంసాలి దగ్గరికెళ్లి, తూకం వేయించి ఇచ్చి, తూకం వేయించి తీసుకోండి.

పోలీసులమని చెప్పి "ముందు గొడవలున్నాయి, నగలు తీసి మూటకట్టుకోండి" అన్నారు. నిజమేనా?

కాదు. ఏ పోలీసూ నగలు తీయించి కాగితంలో చుట్టి ఇవ్వడు. ఆ చుట్టేటప్పుడే పొట్లం మారిపోతుంది. "మా అబ్బాయి వస్తాడు, అతనితో మాట్లాడండి" అని నలుగురున్న దుకాణం వైపు నడవండి. దారి అడిగే నెపంతో బైకు ఆపితే నాలుగడుగుల దూరం నుంచే జవాబు చెప్పండి. రోడ్డుకి కుడివైపున, వచ్చే బళ్లకి ఎదురుగా నడిస్తే వెనక నుంచి మెడలో చెయ్యి వేయడం కుదరదు.

## పొలం, పశువులు

బోరు మోటారు తీగలు మూడోసారి కోసుకుపోయారు. ఏం చెయ్యాలి?

వాళ్లకి కావలసింది లోపలి రాగి. తీగని దగ్గర్లోని జీడితోటలోనో సరుగుడు తోటలోనో కాల్చి, రాగి తీసుకుని పోతారు. రాత్రి తోట వైపు నుంచి ప్లాస్టిక్ కాలిన కంపు వస్తే అనుమానించాల్సిందే. బోరు నుంచి స్టార్టరు దాకా తీగని జీఐ పైపులో పెట్టి రెండడుగుల లోతున పాతండి. బోరు మూత దగ్గర పైకి కనిపించే ముక్కకి ఇనప పెట్టె వేసి వెల్డింగు చేయించండి. మోటారు మీదున్న సీరియల్ నంబరు ఫోటో తీసి ఉంచుకోండి, స్టార్టరు పెట్టె లోపలివైపు మీ పేరు గీకి పెట్టండి.

ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల దొంగతనం వేరు. చుట్టుపక్కలంతా కరెంటుండి, మీ పొలాల ట్రాన్స్‌ఫార్మర్‌కి మాత్రమే అర్ధరాత్రి పోతే, చూద్దామని ఒంటరిగా వెళ్లొద్దు. అది 11 కేవీ లైను, పైగా అక్కడ మనుషులుండొచ్చు. పోలీసుల అత్యవసర నంబరు 112కీ, విద్యుత్ శాఖ 1912కీ ఫోన్ చేయండి.

గేదె పోయింది. ఎలా రుజువు చేసుకోవాలి?

చెవికి పశుసంవర్ధక శాఖ వేసే పసుపు ట్యాగులో 12 అంకెలుంటాయి. ఆ నంబరు రాసి పెట్టుకోండి. దొంగలు ట్యాగు కోసేస్తారు కాబట్టి కొమ్ముల వంపు, నుదుటి మచ్చ, తోక కుచ్చు కనిపించేలా రెండు పక్కల నుంచీ ఫోటోలు కూడా ఉండాలి. పోయిందని తెలిసిన వెంటనే స్టేషన్‌తో పాటు దగ్గర్లోని సంతలకీ కబురు చేయండి. ఆలస్యమైతే చేతులు మారిపోతుంది.

## కెమెరాలు

ఎన్ని పెట్టాలి? ఎంత రికార్డింగు నిలుస్తుంది?

తలుపుల పని పూర్తి కాకుండా కెమెరా కొనొద్దు. కెమెరా ఏం జరిగిందో చూపిస్తుంది, ఆపదు.

మామూలు ఇంటికి రెండు చాలు, ఒకటి గేటు వైపు, ఒకటి పెరటి గుమ్మం వైపు. తొమ్మిది, పది అడుగుల ఎత్తు సరిపోతుంది. డాబా పిట్టగోడకి బిగిస్తే తలలూ టోపీలే కనిపిస్తాయి, మొహాలు కాదు. 2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకి 2 మెగాబిట్ల లెక్కన రాస్తే రోజుకి దాదాపు 21 జీబీ. నాలుగు కెమెరాలుంటే 1 టీబీ హార్డ్‌డిస్క్ పదకొండు రోజుల్లో నిండి పాతది చెరిగిపోతుంది. ఊరి కూడలిలో పంచాయతీ పెట్టే కెమెరాలకైతే నెల రోజులు నిలిచేలా చూసుకోవాలి, ఎందుకంటే దొంగ ముందు వారమో పది రోజులో రెక్కీ చేసి వెళ్తాడు.

కెమెరా ఉంది, దొంగ పడలేదు. ఎందుకు?

చాలా కారణాలుంటాయి. లెన్సు ముందు సాలీడు గూడు కడితే రాత్రి కెమెరా వెలుగు ఆ గూడు మీదే పడి తెరంతా తెల్లగా అయిపోతుంది, నెలకోసారి పొడిగుడ్డతో తుడవాలి. భీమిలి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చగా తుప్పు పడతాయి, అతుకులన్నీ మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో ఉండాలి. కరెంటు పోతే పనిచేయడానికి చిన్న యూపీఎస్ లేకపోవడం ఇంకోటి. అన్నిటికన్నా బాధేసేది, రికార్డింగు దాచే పెట్టె డీవీఆర్‌ని టీవీ కిందే పెట్టడం: దొంగ టీవీతో పాటు దాన్నీ ఎత్తుకుపోతాడు. గాలి తగిలేలా, కంటికి కనిపించని చోట పెట్టండి.

గడియారం తప్పుగా ఉన్నా దృశ్యం చిక్కుల్లో పడుతుంది. నెలకోసారి ఫోన్ టైముతో సరిచూడండి. పోలీసులకి ఇచ్చేటప్పుడు తెరని ఫోన్‌తో తీసిన వీడియో కాకుండా డీవీఆర్ నుంచి అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి దించి ఇవ్వాలి. కోర్టుకి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కూడా కావాలి, దాని నమూనా దర్యాప్తు అధికారి ఇస్తారు.

## ఊరి గస్తీ

మేమే రాత్రి గస్తీ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. ఒకప్పుడు ఊరికి తలారి ఉండేవాడు, ఎవరింటికి ఎవరు చుట్టాలొచ్చారో అతనికి తెలిసేది. ఇప్పుడా పని అందరూ పంచుకోవాలి. ముందుగా తిరిగేవాళ్ల పేర్లూ ఫోన్ నంబర్లూ ఎస్సైకి రాసివ్వండి, లేకపోతే పోలీసు గస్తీకి మీరే అనుమానితులవుతారు. జట్టుకి నలుగురు తగ్గకూడదు. రాత్రి పదకొండు నుంచి నాలుగింటి దాకా రెండు జట్లు. టార్చి, ఈల, ఫోను, నోటుబుక్కు. రోజూ ఒకే దారిలో, ఒకే టైముకి తిరగొద్దు.

మీకు బళ్లు ఆపి తనిఖీ చేసే అధికారం లేదు. నంబరు, రంగు, టైము, ఎటు వెళ్లిందీ రాసుకోవడమే మీ పని. కబురు అందించడానికి వాట్సాప్ గ్రూపు పనికిరాదు, నిద్రపోయేవాడు మెసేజ్ చూడడు. వీధికి ఇద్దరి చొప్పున ఫోన్ చేసే వరస రాసుకోండి. రామాలయం మైకు గది తాళంచెవి గస్తీ జట్టు దగ్గరే ఉండాలి. సాధారణంగా మొదటి పది రోజులు నలభై మంది వస్తారు, నెల తిరిగేసరికి ఆరుగురు మిగులుతారు. అందుకే మొదటి నుంచీ పదిహేను రోజులకి ఒక్క రాత్రే వంతు వచ్చేలా వేయండి.

కొత్తమనిషి అనుమానంగా తిరుగుతుంటే పట్టుకుని కట్టేయొచ్చా?

అనుమానం మీద కట్టేయకూడదు. మీ కళ్లెదుట పోలీసులు నేరుగా కేసు కట్టదగిన, బెయిలు హక్కుగా రాని నేరం చేసినవాణ్ణి మాత్రం మామూలు పౌరుడు కూడా పట్టుకోవచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (అరెస్టు, దర్యాప్తు, విచారణ పద్ధతుల చట్టం) 40వ సెక్షన్ ప్రకారం ఆలస్యం లేకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల్లోగా పోలీసులకి అప్పగించాలి. కొట్టే హక్కు ఎవరికీ లేదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ రెండు తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ పుకార్లు పుట్టి, భాష రానివాళ్లూ మతి స్థిమితం లేనివాళ్లూ దెబ్బలు తిన్నారు. కొట్టినవాళ్లు కేసుల్లో ఇరుక్కున్నారు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, 112కి ఫోన్ చేయండి.

## జరిగిపోయాక

ఇంటికొచ్చేసరికి తలుపు పగలగొట్టి ఉంది. ముందు ఏం చెయ్యాలి?

లోపలికి వెళ్లొద్దు, వాడు ఇంకా ఉండొచ్చు. వీధిలోకొచ్చి 112కి ఫోన్ చేయండి. బీరువా తెరిచి ఏం పోయిందో చూసుకోవాలనిపిస్తుంది, అక్కడే వేలిముద్రలు పోతాయి. చెల్లాచెదురైన బట్టలు మడతపెట్టొద్దు, ఊడ్చొద్దు, కడగొద్దు. పెరట్లో మట్టి మీద కాలి గుర్తు ఉంటే దాని మీద తట్ట బోర్లించండి. వానొచ్చినా, కోళ్లు తిరిగినా చెక్కుచెదరదు. పలుగు, స్క్రూడ్రైవరు లాంటివి పడి ఉంటే ముట్టుకోకుండా చూపించండి.

ఊరంతా లోపలికొచ్చి పరామర్శించడం మన అలవాటు. ఇద్దరు పెద్దవాళ్లని గేటు దగ్గర నిలబెట్టి ఎవర్నీ రానీయకండి. పాతికమంది తొక్కిన నేల మీద పోలీసు కుక్కకి వాసన దొరకదు.

మేం లోపల ఉండగానే వస్తే?

గదిలోనే ఉండి తలుపు గడియ పెట్టి, లైట్లు వేసి, గట్టిగా అరవండి, ఫోన్ చేయండి. పారిపోయే దారి వదలండి. ప్రాణం మీదికి వస్తే ఎదుర్కొనే హక్కు చట్టం ఇచ్చింది. పట్టుబడి కింద పడినవాణ్ణి కొట్టడం మాత్రం ఆ హక్కులోకి రాదు.

ఫిర్యాదులో ఏం రాయాలి?

ఇల్లు వదిలిన టైము, తిరిగొచ్చిన టైము, ఏ తలుపు ఎలా పగిలింది, ఏం పోయింది, ఒక్కోదాని బరువు, గుర్తులు. "తలుపు పగలగొట్టి లోపలికి వచ్చారు" అన్న మాట తప్పకుండా ఉండాలి. భారతీయ న్యాయ సంహిత (నేరాలు, శిక్షల చట్టం) కింద 5,000 రూపాయల లోపు మామూలు దొంగతనానికి పోలీసులు నేరుగా కేసు కట్టలేరు. ఇల్లు పగలగొట్టడం మాత్రం పోయింది ఎంతైనా నేరుగా కట్టదగిన నేరమే. మూడు తులాలు పోతే ఎనిమిది అని రాయొద్దు, దొంగ దొరికాక ఆ తేడా మీ మెడకే చుట్టుకుంటుంది. మర్చిపోయినవి తర్వాత అదనపు వాంగ్మూలంలో చెప్పుకోవచ్చు.

"మా స్టేషన్ పరిధి కాదు" అంటున్నారు. ఎక్కడికెళ్లాలి?

ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక సరిహద్దు ఊళ్లలో ఈ తిప్పలు తరచూ వస్తున్నాయి. పరిధి ఎవరిదైనా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి, తర్వాత వాళ్లే అసలు స్టేషన్‌కి పంపుతారు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం, అడిగి తీసుకోండి. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. కట్టనంటే విశాఖలో కమిషనర్ కార్యాలయానికీ, అనకాపల్లిలో ఎస్పీకీ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. దర్యాప్తు ఎంతదాకా వచ్చిందో 90 రోజుల్లోగా మీకు చెప్పాల్సిన బాధ్యత పోలీసులదే.

ఫోనూ ఏటీఎం కార్డూ కూడా పోయాయి.

ముందు బ్యాంకుకి చెప్పి కార్డు, యూపీఐ ఆపించండి, తర్వాత సిమ్ బ్లాక్ చేయించండి. ఖాతాలో డబ్బు కదిలితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఫిర్యాదు నకలుతో పోయిన ఫోన్లని ఆపించే ప్రభుత్వ సీఈఐఆర్ వెబ్‌సైటులో ఐఎంఈఐ (ఒక్కో ఫోనుకి ఉండే గుర్తింపు సంఖ్య) నంబరు ఇస్తే ఆ ఫోను ఏ సిమ్‌తోనూ పనిచేయదు. ఐఎంఈఐ ఫోను డబ్బా మీద ఉంటుంది. ఫోను చేతిలో ఉన్నప్పుడే *#06# నొక్కి రాసి పెట్టుకుంటే ఇంకా సుఖం.

గొలుసు దొరికిందన్నారు. స్టేషన్‌కెళ్తే ఇవ్వలేదు, ఎందుకు?

స్వాధీనం చేసుకున్న వస్తువు కోర్టు అధీనంలో ఉంటుంది, ఎస్సై చేత్తో ఇచ్చేది కాదు. కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. మధ్యంతరంగా అప్పగించమని సంబంధిత మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేయాలి. బిల్లు, ఫోటో, ఎఫ్‌ఐఆర్ నకలు జతచేయండి. అడిగినప్పుడు మళ్లీ చూపిస్తామని పూచీకత్తు రాయించుకుని ఇస్తారు. కాబట్టి కేసు ముగిసేదాకా ఆ గొలుసు అమ్మకూడదు, కరిగించి కొత్తది చేయించకూడదు.